అప్పు చెప్పుకొన్న నవల

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు కిందటి వేసవిలో ఒక కథ రాసి తెచ్చాడు. కొండాపూర్‌లో అద్దె ఫ్లాటు, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. భర్తకు ఉద్యోగం పోయింది. భార్య జబ్బు పడింది. ఆసుపత్రి ఖర్చుకు అతను ఆమె వీణ అమ్మేశాడు. రెండో పేజీలోనే నాకు చాసో ‘వాయులీనం’ జ్ఞాపకం వచ్చింది. అక్కడా భార్య జబ్బుకోసం భర్త ఆమె వాయులీనాన్ని అమ్ముతాడు. ఆ మాటే అన్నాను. ‘‘అవును సార్. పదో తరగతిలో మీరే చదివి వినిపించారు. అది మనసులోంచి పోలేదు. ఇది దొంగతనం కిందకు వస్తుందా సార్?’’ అని అడిగాడు. అడిగినవాడి ముఖంలో భయం ఉంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. అనుకరణ, అనుసరణ, అనువాదం అంటూ ఎం.ఏ.లో మేము వల్లించిన నిర్వచనాలు అక్కడ పనికిరాలేదు. నిర్వచనం కన్నా చరిత్ర అడగడం మేలనిపించింది.

మన సాహిత్యం అరువుతోనే మొదలైంది. నన్నయకు వ్యాసుడు, శ్రీనాథుడి నైషధానికి శ్రీహర్షుడు. ఎవరూ దాచలేదు. తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు కవుల పోలికలను మూడు రకాలు చేశాడు. అద్దంలో ప్రతిబింబం వంటిది ఒకటి, చిత్తరువు వంటిది ఒకటి, ఇద్దరు మనుషుల ముఖాలు కలిసినట్టుండేది ఒకటి. మొదటి రెండూ విడిచిపెట్టదగినవి, మూడోది తప్పుకాదు, దానికి తన ప్రాణం తనకుంది అన్నాడు. ఇంతకన్నా సూక్ష్మంగా తర్వాతివాళ్లు చెప్పిందేమిటో నాకు తెలియదు. అయితే ఆనాడు కథ ఉమ్మడి ఆస్తి. నలుడి కథ ఫలానావాడిదని ఎవరూ దావా వేయలేదు. అచ్చుయంత్రం వచ్చి పుస్తకం అంగట్లో సరుకయ్యాకే రచన సొంత ఆస్తి అయింది. మన దేశంలో 1847లోనే కంపెనీ ప్రభుత్వం దానికొక చట్టం చేసింది. ‘గ్రంథచౌర్యం’ అన్న నిందకు ఇప్పుడున్న పదును ఈ ఆస్తి సంబంధాల నుంచి వచ్చిందే. ఇది మరిచి మాట్లాడేవాళ్లు ప్రాచీనులందరినీ దొంగలనైనా అంటారు, నేటి దొంగలందరినీ ప్రాచీనుల వారసులనైనా అంటారు.

ఆ కొత్త కాలంలో ఈ ప్రశ్నను నెత్తిన వేసుకొన్నవాడు కందుకూరి వీరేశలింగం. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వివేకవర్ధనిలో మొదలై, 1880లో పుస్తకమైంది. దాని వెనక గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఉంది. ఈ మాట మనకు పరిశోధకులు తవ్వి చెప్పనక్కరలేకపోయింది. మొదట ఆ నవలనే తెనిగించబోయి మానుకొన్న సంగతి వీరేశలింగంగారే చెప్పుకొన్నారు. అయినా విమర్శ తప్పలేదు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఈ నవల మీద తీవ్రమైన ఖండన రాశారు.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే పోలికలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కలిగిన కుటుంబం చితికిపోవడం, ఊరు విడవడం, చెరసాల, చనిపోయిందనుకొన్న కూతురు తిరిగి రావడం, మారువేషంలో ఆదుకొన్న ప్రభువు. గోల్డ్‌స్మిత్ దగ్గర బర్చెల్, ఇక్కడ రామరాజు. అస్థిపంజరం ఆ ఇంగ్లీషు నవలదే. కాదనడం వీరాభిమానం.

కాని ఆ కుటుంబం ఎందుకు చితికింది? ప్రశ్న ఇక్కడ వేయాలి. ఇంగ్లండులో మతగురువు సొమ్ము దాచుకొన్న వర్తకుడు పారిపోయాడు. అది వర్తక సమాజంలో జరిగే ప్రమాదం. ధవళేశ్వరంలో రాజశేఖరుడిని తినేసినవాళ్లు వేరు: ముఖస్తుతి చేసే బంధువులు, ఇంట్లో తిష్ఠవేసిన ఆశ్రితులు, బంగారం చేసిస్తానన్న బైరాగి. భూస్వామ్యపు డాబు, మూఢనమ్మకం కలిసి చేసిన పని అది. రుక్మిణి కష్టం సంగతి చూడండి. భర్త కాశీలో పోయాడన్న ఒక్క వదంతి చాలు, ఆమె బతుకు తలకిందులు కావడానికి. ఆలివియాకు వచ్చిన ఆపద వేరు. ఈ ఆపద గోదావరి ఒడ్డున పుట్టింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి, అంతకు ఏడాది ముందు ఈ పేజీలు ముగించాడు. రుక్మిణిని ఆయన గోల్డ్‌స్మిత్ దగ్గర నేర్చుకోలేదు. తెనిగింపు ఎందుకు మానుకొన్నాడో నవలే చెబుతుంది: ఆ జీవితం ఇక్కడ అతకదు. 1887లో హచిన్సన్ దొర ఈ నవలను ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లీషులోకి మార్చి లండన్‌లో అచ్చువేయించాడు. గోల్డ్‌స్మిత్ దేశంవాళ్లు తమ కథనే తిరిగి చదువుకోవడానికి అంత శ్రమ పడి ఉండరు.

ఇది వీరేశలింగం అన్ని రచనలకూ వర్తిస్తుందని నేను అనను. ఇంగ్లీషు నాటకాల నుంచి ఆయన చేసిన కొన్నింట్లో బట్టలు మాత్రమే మారాయి, చిత్తరువు దాటలేదు.

మన చట్టం కూడా చివరికి ఇలాంటి గీతే గీసింది. ‘హమ్ హిందుస్తానీ’ నాటకానికీ ‘న్యూ ఢిల్లీ’ సినిమాకూ మధ్య వచ్చిన తగాదాలో 1978లో సుప్రీంకోర్టు, ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరు మీదే హక్కు అంది. ఇక విచిత్రమేమిటంటే, 1957 కాపీరైట్ చట్టానికి 1984లో చేసిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాం సాహిత్య రచనల జాబితాలో చేరింది. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ చుట్టూ వేల గదుల్లో పగలూ రాత్రీ రాస్తున్నది, చట్టం కళ్లకు, సాహిత్యమే! ఆ పని ఎలా చేస్తారని మావాణ్ణి అడిగాను. అన్నీ మొదటినుంచి ఎవరూ రాయరట. ఊరికే వాడుకోనిచ్చే పరుల కోడ్ తీసుకొంటారు. చాలావాటికి షరతు ఒక్కటే, మొదట రాసినవాళ్ల పేరూ అనుమతిపత్రమూ చెరిపేయకూడదు. ‘‘అది మా పీఠిక అనుకోండి సార్’’ అని నవ్వాడు. ఆఫీసులో అంత శ్రద్ధగా చేసే పని కథ దగ్గరకు వచ్చేసరికి తోచలేదేమని అడిగాను. తలవంచుకొన్నాడు.

చాసో పేరు పైన వేయడం అయిదు నిమిషాల పని. నాకు పట్టుకొన్న చిక్కు అది కాదు. చాసో కథలో ఆ ఇంటి సంపాదన భర్తది. నిర్ణయమూ అతనిదే. వాయులీనం అమ్ముడుపోయిన తీరులో ఆ కాలపు కుటుంబమంతా ఉంది. కొండాపూర్ ఫ్లాటులో భార్య కూడా జీతగత్తె. నెలనెలా బ్యాంకుకు కట్టే వాయిదాలో సగం ఆమెది. ఆ వీణ తన జీతంతో తనే కొనుక్కొన్నానని మావాడి కథలోనే ఆమె చెబుతుంది. మరి భర్త అడగకుండా ఎలా అమ్మాడు? ఆమె ఎలా ఊరుకొంది? ఊరుకొంటే ఎందుకు? రైల్లో, క్యాబ్‌లో, అర్ధరాత్రి అమెరికా ఫోన్ల మధ్య బతికే ఆ ఇద్దరిలో అధికారం ఇంకా ఎవరిది? ఇవి చాసోకు ఎదురుకాని ప్రశ్నలు. వీటికి జవాబు రాసుకోకుండా అతని జవాబు తెచ్చి అతికించాడు మావాడు. దొంగతనం ఉంటే అక్కడుంది.

ఇదంతా చెప్పాక కాగితాలు తీసుకొని చాలాసేపు మాట్లాడలేదు. ‘‘మా ఆవిడకు చదివి వినిపించలేదు సార్’’ అన్నాడు చివరికి. ఆమె వీణ నేర్చుకొందని అప్పుడు తెలిసింది నాకు. ముందు ఆమెకు వినిపించి రమ్మన్నాను. దసరా సెలవుల్లో వస్తానని వెళ్లాడు.