ఒక ఇంటిపని లెక్క వెనుక చరిత్ర

మీ నోటుపుస్తకం తెరవండి. కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని తుల్యం చేయమని ఇంటిపని ఇచ్చారనుకుందాం. 6 అణువుల కార్బన్ డయాక్సైడ్, 6 అణువుల నీరు కలిసి 1 అణువు గ్లూకోజ్, 6 అణువుల ఆక్సిజన్ ఇస్తాయని రాస్తారు. పరమాణువులను లెక్కపెట్టండి. రెండు వైపులా కార్బన్ 6, హైడ్రోజన్ 12, ఆక్సిజన్ 18. లెక్క సరిపోయింది, మార్కులూ వస్తాయి.

మరి ఆకు విడుదల చేసిన ఆక్సిజన్ ఎక్కడిది? కార్బన్ డయాక్సైడ్‌దా, నీటిదా? మీరు రాసిన సమీకరణం ఈ విషయం చెప్పదు. అది తేలడానికి చాలా కాలం పట్టింది.

వాన్ హెల్మాంట్ 5 పౌన్ల విల్లో మొక్కను 200 పౌన్ల ఎండు మట్టిలో నాటి, 5 ఏళ్లపాటు నీరు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 169 పౌన్లకు పెరిగింది. మట్టి తగ్గింది దాదాపు 2 ఔన్సులే! చెట్టు నీటితోనే తయారైందని ఆయన తేల్చాడు. ఆయన మరణానంతరం 1648లో ఇది అచ్చయింది. తూకంలో పొరపాటు లేదు. గాలిని లెక్కలోకి తీసుకోకపోవడమే లోపం.

కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మను కొన్ని రోజులు ఉంచితే, అందులో కొవ్వొత్తి మళ్లీ వెలుగుతుందని 1771లో ప్రీస్ట్‌లీ గమనించాడు. ఈ పని ఆకుపచ్చని భాగాలు, అదీ వెలుతురులోనే చేస్తాయని 1779లో ఇంగెన్‌హౌజ్ చూపాడు. మొక్క బరువులో నీటికీ వాటా ఉందని 1804లో డి సాస్యూర్ నిరూపించాడు. ఇలా సమీకరణంలోని పదార్థాలు ఒక్కొక్కటిగా తెలిశాయి. అయినా, విడుదలయ్యే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌దేనని చాలామంది నమ్ముతూ వచ్చారు.

కొన్ని బాక్టీరియాలు నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాడుకుంటాయి. అవి ఆక్సిజన్‌ను కాక గంధకాన్ని ఇస్తాయి. అలాగైతే మొక్కల్లో ఆక్సిజన్ నీటి నుంచే రావాలని 1931లో వాన్ నీల్ వాదించాడు. 1941లో రూబెన్, కామెన్, వారి సహచరులు ఆక్సిజన్-18 ఐసోటోపు ఎక్కువగా ఉన్న నీటిని క్లోరెల్లా అనే శైవలానికి ఇచ్చి చూశారు. వెలువడిన ఆక్సిజన్‌లో ఆ ఐసోటోపు పాలు నీటిలోని పాలుతో సరిపోలింది.

ఇప్పుడు మళ్లీ నోటుపుస్తకం చూడండి. 6 ఆక్సిజన్ అణువులంటే 12 పరమాణువులు. 6 నీటి అణువుల్లో ఉన్నవి 6 మాత్రమే! కాబట్టి ఎడమవైపు 12 నీటి అణువులు కావాలి. కుడివైపు కొత్తగా 6 నీటి అణువులు వస్తాయి. రెండు వైపులా ఆక్సిజన్ 24. ఇదీ తుల్యమే.

చదువుకునే రోజుల్లో నేను రెండు వైపులా ఉన్న నీటిని కొట్టివేసి, 12ను 6 చేసి, సులభం చేశాననుకున్నాను. గణితంలో అది తప్పు కాదు. కానీ ఆక్సిజన్ ఎక్కడిదో చెప్పే ఆధారం ఆ కొట్టివేతతోనే పోయింది. గైడులో చూసి రాసినా మార్కులు రావచ్చు, కానీ 'ఎందుకు' అన్న ప్రశ్న మీకు తట్టదు.

ఇక మీ వంతు. 6 కార్బన్ డయాక్సైడ్, 12 హైడ్రోజన్ సల్ఫైడ్ అణువులతో బాక్టీరియా సమీకరణం రాయండి. గ్లూకోజ్, గంధకంతోపాటు నీరూ వస్తుంది. ఆ నీటిలోని ఆక్సిజన్ ఎక్కడిదో ఆలోచించి, కారణంతో సహా రాయండి.