జి.ఎం.సి. బాలయోగి

గంటి మోహనచంద్ర బాలయోగి (1951 అక్టోబర్ 1 - 2002 మార్చి 3) కోనసీమకు చెందిన రాజకీయ నాయకుడు, లోక్‌సభ స్పీకరు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి దళితుడు ఈయనే.

==బాల్యం, విద్య==
అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని ఎదుర్లంకలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఊళ్ళో బడి లేనందున ప్రాథమిక విద్యకు గుత్తెనదీవి వెళ్ళవలసి వచ్చేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్య, న్యాయశాస్త్రం అభ్యసించి, 1980లో కాకినాడలో న్యాయవాద వృత్తి చేపట్టాడు. 1985లో మేజిస్ట్రేటుగా ఎంపికైనప్పటికీ ఆ ఉద్యోగాన్ని వదులుకొన్నాడు.

==రాజకీయ జీవితం==
1987లో తెలుగుదేశం పార్టీ తరఫున జిల్లా ప్రజా పరిషత్తు అధ్యక్షుడైనాడు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికైనాడు. పడమట తాటిపాక, రాజోలు మొదలుకొని తూర్పున ముమ్మిడివరం లంకల దాకా ఈ నియోజకవర్గంలోనివే. తాటిపాక చేరువలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న చమురు బావి బద్దలై 65 రోజులపాటు మండిన దుర్ఘటన ఈయన సభ్యత్వ కాలంలోనే జరిగింది. 1996లో ఓటమి పాలైనాడు. తరువాత ముమ్మిడివరం ఉప ఎన్నికలో శాసనసభకు ఎన్నికై, రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేశాడు. బడి లేని ఊరి నుంచి వచ్చినవానికి ఆ శాఖ లభించడం గమనార్హం.

==స్పీకరుగా==
1998లో తిరిగి లోక్‌సభకు ఎన్నికై, మార్చి 24న స్పీకరు అయినాడు. ఈయనకు అసలు పరీక్ష 1999 ఏప్రిల్ 17న ఎదురైంది. వాజపేయి ప్రభుత్వంపై విశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చింది. ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రియైన గిరిధర్ గమాంగ్ అప్పటికింకా లోక్‌సభ సభ్యత్వాన్ని వదులుకోలేదు. శాసనసభ సభ్యుడు కాకపోయినా ఆరు నెలలపాటు ముఖ్యమంత్రిగా ఉండవచ్చును గనుక రాజ్యాంగరీత్యా అందులో దోషం లేదు. ఓటు వేయడమా, మానడమా అన్నది బాలయోగి ఆయన విచక్షణకే వదిలివేశాడు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశాడు. 269 - 270 తేడాతో, ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. తెలుగుదేశం ఆనాడు వాజపేయిని బలపరచిన పక్షమే. ఈ నిర్ణయం నేటికీ చర్చనీయాంశమే అయినా, స్వపక్షానికి మేలు చేసే ఉద్దేశం అందులో ఉన్నదని అనడానికి వీలులేదు. 1999 అక్టోబర్ 22న రెండవ పర్యాయం స్పీకరుగా ఎన్నికైనాడు.

==మరణం==
2002 మార్చి 3న భీమవరం నుంచి ప్రయాణిస్తున్న హెలికాప్టరు మండవల్లి మండలం కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలి, బాలయోగితోపాటు పైలటు, అంగరక్షకుడు మరణించారు. తదనంతర ఉప ఎన్నికలో భార్య విజయకుమారి గెలుపొందింది. కుమారుడు హరీష్ మాథుర్ 2024లో అమలాపురం నుంచే లోక్‌సభకు ఎన్నికైనాడు.

ఎదుర్లంక వాసులు ఒకప్పుడు గౌతమిని రేవు దాటి యానాం చేరేవారు. అక్కడి వారధికి బాలయోగి పేరు పెట్టారు.