ఎద్దులు నడిపిన తండా

ఇప్పుడు తండా అంటే మనకు ఊరు. బడి, నీళ్ల ట్యాంకు, గుడి ఉన్న చోటు. కానీ మన తాతముత్తాతల కాలంలో తండా అంటే ఒకచోట నిలిచిన ఊరు కాదు, సరుకు మోస్తూ సాగిపోయే ఎద్దుల బారు. ఆ బారు వెంట నడిచిన జనమే తండావాళ్లు. అంటే ఈనాటి మన ఊళ్ల పేర్లలో ఎద్దుల నడక దాగి ఉంది. ఈ సంగతి మన యువతకు తెలియాలి.

ఆ బారులు చిన్నవి కావు. 1632లో పీటర్ మండీ అనే ఆంగ్లేయ వర్తకుడికి ఉత్తర భారతంలో ఒక తండా ఎదురైంది. అందులో 14,000 ఎద్దులు ధాన్యం మోస్తున్నాయని రాసుకున్నాడు. పది పన్నెండు వేల ఎద్దులు కలిసి సాగే దృశ్యం గురించి ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా రాశాడు. దక్కనులో మనవాళ్లు బేరారు పత్తిని తూర్పు తీరానికి చేర్చి, తిరుగు దారిలో ఉప్పు తెచ్చేవారు. మొగలు సైన్యాలకైనా, 1792లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికైనా గింజలు అందింది మన పెరికెడ్ల వీపు మీదే.

ఎద్దును మనం నడిపామనుకుంటాం. నిజానికి అదీ మనల్ని నడిపింది. గడ్డి, నీళ్లు ఉన్న వైపే దారి. అది అలసిన చోటే మజిలీ. వానాకాలంలో బురదలో బరువుతో నడవలేదు కాబట్టి మనమూ ఆగాం. నెలల తరబడి ప్రయాణం కాబట్టి ఆలుబిడ్డలతో సహా కదిలాం. మన ఆడవాళ్ల బట్టల మీద మెరిసిన గవ్వలే ఎద్దుల అలంకరణలోనూ మెరిశాయి. తండాలో ఒక ఎద్దును దేవుడికి విడిచిపెట్టేవారని, దాన్ని హతాడియా అనేవారని 19వ శతాబ్దపు రాతల్లో ఉంది. దాని మీద బరువు వేయరు. మెడకు గంటలు, గవ్వలు కడతారు. సాయంత్రం అది ఎక్కడ నిలిస్తే అక్కడే విడిది. జబ్బు చేసినవాళ్లను దాని కాళ్ల దగ్గరికి తీసుకెళ్లి మొక్కించేవారు.

మన చేతిలో ఎద్దు కూడా మారింది. గట్టి గిట్టలు, దూరం నడిచే ఓపిక, దొరికిన మేతతో సరిపెట్టుకునే గుణం ఉన్నవాటినే తరతరాలుగా నిలుపుకున్నాం. రాత్రిళ్లు మంటలు వేసి, కుక్కలను కాపలా పెట్టి పులుల నుంచి కాచుకున్నాం. అయితే అంతా సుఖమేమీ కాదు. బరువుకు వీపులు పుండ్లు పడేవి. ముసర రోగం వస్తే మందలకు మందలే పోయేవి. మంద పోతే ఆ కుటుంబం బతుకు కూడా రోడ్డున పడేది.

తరువాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1889 నాటికి బెజవాడకు పట్టాలు పడ్డాయి. వారాల తరబడి ఎద్దులు మోసే బరువును బండి ఒకటి రెండు రోజుల్లో చేర్చింది. అడవులకు సర్కారు హద్దులు వేసింది, మేతకు పన్ను కట్టించుకుంది. ఎద్దుకు పని పోయాక దాని వెంట నడిచే మనిషి పరాయివాడయ్యాడు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద తరువాతి కాలంలో అనేక ప్రాంతాల్లో మనవాళ్లను చేర్చారు. తరాలుగా రాజ్యాలకు తిండి మోసిన జాతికి దొంగ అన్న ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది.

దారి మూతపడినా పశువును మనం వదల్లేదు. నల్లమలలో, అమ్రాబాద్ ప్రాంతంలో మనవాళ్లు, ఇతర పశుపోషకులు కాపాడుకుంటూ వచ్చిన పొడ తూర్పు జాతికి 2020లో జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. తెల్లని ఒంటి మీద గోధుమ రంగు పొడలుండే ఈ ఎడ్లు దుక్కికి పేరుపడ్డవి. కానీ ట్రాక్టరు వచ్చాక కొనేవాళ్లు తగ్గారు. అడవిలో మేపుకునే చోట్లూ తగ్గుతున్నాయి. మంద అమ్ముకున్న ఇంట్లో పిల్లలకు పశువుల రోగాలకు వాడే ఆకులు తెలియవు, వాటిని పిలిచే గోర్ బోలి మాటలు తెలియవు.

సీత్లా పండుగ నాడు గొడ్డూగోదా చల్లగా ఉండాలని మొక్కుతాం. దొడ్లో పశువే లేనప్పుడు ఆ మొక్కు ఎవరి కోసమని మన పిల్లలు అడిగితే చెప్పడానికి జవాబు ఉండాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ తండాలో పెద్దవాళ్లు ఉండగానే వాళ్ల దగ్గర కూర్చోండి. మందలు నడిచిన దారులు, ఎద్దులకు పెట్టిన పేర్లు, మందుల ఆకులు అడిగి ఫోనులో రికార్డు చేయండి. పశువులు పెంచుతున్నవాళ్లు మేత హక్కు కోసం గ్రామసభలో మాట్లాడితే వాళ్ల పక్కన నిలబడండి. మన చరిత్రలో సగం ఆ మూగజీవాల వీపు మీదే ఉంది.