జ్యోతి గుమ్మం దాకా వచ్చింది

డిసెంబరు 7. సాయుధ దళాల పతాక దినం. బడిపిల్లల చొక్కాలకు చిన్న జెండా కాగితం అంటించి డబ్బాలో చిల్లర వేయించుకోవడం 1949 నుంచీ ఉన్న ఆనవాయితీ. సరిగ్గా అదే తేదీన, 1971లో, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో జెనైదా పట్టణం మన సైన్యం చేతికి వచ్చింది. ఆ దారి తెరిచినవాళ్లలో ఒకాయనది మన తిరుపతి.

ఆయన దగ్గరికి వెళ్లేముందు పాత కథ కొంచెం. మదనపల్లె, పుంగనూరు వైపు తిరిగితే బాణ, వైదుంబ రాజుల కాలం నాటి వీరగల్లులు కనిపిస్తాయి. ఊరి పశువుల మందను తోలుకుపోతుంటే అడ్డంపడి ప్రాణం వదిలినవాళ్లూ వాటి మీద ఉన్నారు. పల్నాడులో ఏటా కార్తీకంలో కారంపూడి వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. బాగానే ఉంది గానీ, రాయి మీదికి ఎక్కాలంటే ముందు చావాలి. గెలిచి, కుంటుతూ ఇల్లు చేరి, మనవళ్లను ఆడించినవాడికి రాయి లేదు.

తర్వాతి శతాబ్దాలను ఒక్క గుక్కలో దాటేస్తాను. రాజుల పేర్లు దొరికినంతగా బంట్ల పేర్లు దొరకవు. 1757లో క్లైవు వెంట బెంగాలు వెళ్లి ప్లాసీలో పోరాడిన మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్లున్నారు. ప్రపంచ యుద్ధాలకు పశ్చిమ గోదావరి మాధవరం నుంచి ఎంతమంది వెళ్లారంటే, ఊరి పేరుకు ముందు ‘మిలిటరీ’ చేరిపోయింది.

ఆ ప్లాసీ ఉన్నది నదియా జిల్లాలో. అదే జిల్లాకు ఎదురుగా, సరిహద్దు దాటగానే దర్శనా. 1862లో కలకత్తా వైపు నుంచి రైలు చేరిన ఊరు. 1938 నాటి చక్కెర మిల్లూ, దాని పక్కనే సారాయి బట్టీ ఉన్న ఊరు. 1971 డిసెంబరు నాటికి అక్కడా, పక్కనున్న ఉథలీలోనూ పాకిస్తాన్ సైన్యం కాంక్రీటు పిల్‌బాక్సులు కట్టి, బంకర్లు తవ్వి, వాటిని కలుపుతూ కందకాలు తీసి, ముందు మందుపాతరలు పరిచి కూర్చుంది. వాటిని పట్టే పని ఒకటో గూర్ఖా రైఫిల్స్ ఐదో బెటాలియన్‌ది. కమాండరు లెఫ్టినెంట్ కల్నల్ చిత్తూరు వేణుగోపాల్. నేపాలు కొండల కుర్రాళ్లకు ముందు నిలబడింది ఏడుకొండల కింది మనిషి! ఈ చిత్రం నాకు ఎంత తలచుకున్నా తనివి తీరదు.

డిసెంబరు 3 సాయంత్రం మన పశ్చిమ విమానాశ్రయాల మీద బాంబులు పడ్డాయి. మర్నాటికే ఉథలీ, దర్శనా రెండూ గూర్ఖాల వశమయ్యాయి. అక్కడితో ఆగి ఊపిరి పీల్చుకుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆయన ఆగలేదు. వెనక్కి తగ్గుతున్న శత్రువు మళ్లీ కందకం తవ్వుకునేలోగా వెంట తరిమారు. ఏడో తేదీకి జెనైదా. పదహారుకి ఢాకాలో లొంగుబాటు. వేణుగోపాల్‌కు మహావీర చక్ర ఇచ్చారు. పరమవీర చక్ర తర్వాత యుద్ధరంగంలో అంతకు మించిన పతకం లేదు. తర్వాత మేజర్ జనరల్ అయ్యారు, రిటైరై తిరుపతిలో స్థిరపడ్డారు. ఇక దశాబ్దాల నిశ్శబ్దం అనుకోండి.

ఆ విజయానికి యాభయ్యో ఏడు మొదలైన 2020 డిసెంబరు 16న ఢిల్లీ యుద్ధ స్మారకం దగ్గర నాలుగు జ్యోతులు వెలిగించి నాలుగు దిక్కులకూ పంపారు. దక్షిణానికి బయల్దేరినది 2021 ఫిబ్రవరిలో తిరుపతి చేరింది. తొంభై దాటిన ఆయన్ను వేదిక మీదికి మోసుకురాలేదు, ముఖ్యమంత్రే జ్యోతితో ఆయన ఇంటికి వెళ్లారు. ఆవరణలో మొక్క నాటి, పిడికెడు మట్టి తీసుకున్నారు. వీరుల సొంతూళ్ల మట్టిని ఢిల్లీ స్మారకానికి చేర్చాలన్నది ఆ వేడుకలో భాగం. వీరగల్లుల సీమలో ఒక వీరుడు కుర్చీలో కూర్చుని తన సన్మానం తానే చూసుకున్నాడన్నమాట.

అందరికీ ఆ యోగం పట్టదు. పింఛను తీసుకునే వృద్ధ సైనికుడు ఏటా తాను బతికే ఉన్నానని రుజువు చూపించుకోవాలి. ఈ మధ్య వేలిముద్రతోనో, ముఖం చూపించో ఆన్‌లైన్‌లోనూ అవుతోంది. అరిగిన వేళ్లను యంత్రం గుర్తుపడితే సరే. మాజీ సైనికుల దినమని జనవరి 14ను పెట్టారు, 1953లో సేనాధిపతి కరియప్ప రిటైరైన తేదీ. అది మనకు భోగో సంక్రాంతో అవుతుంది, సభకు జనం ఎక్కడ దొరుకుతారు! పైగా 2022లో సైనిక నియామకాలకు అగ్నిపథ్ పథకం వచ్చింది. నాలుగేళ్లు కాగానే నలుగురిలో ముగ్గురు ఇంటికి, పింఛను లేకుండా. పాతికేళ్ల ఈ మాజీలకు శాలువా కప్పుతామంటే ముందు ఉద్యోగం సంగతి చెప్పమంటారు.