వలయమునకు కాపలా

నాచారమునకు ఉత్తరమున, చర్లపల్లి ప్రాంతములో, 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసినది. డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు దాని వ్యవస్థాపకులు. 1969లో ఆ సంస్థ టి.డి.సి.-12 కంప్యూటరును వెలువరించినది. నాడు కంప్యూటరు ఒంటరి యంత్రము. యంత్రములు పరస్పరము సంభాషించుట తరువాతి కథ. అందొక ఘట్టము టోకెన్ రింగు.

దీనిని ఐ.బి.ఎం. సంస్థ 1985లో విపణికి తెచ్చినది. ఒంటి రైలుమార్గమున టోకెను అందిన డ్రైవరే బండి నడుపునట్లు, ఈ వలయమున టోకెను అందిన యంత్రమే సందేశము పంపును. పిమ్మట దానిని పొరుగునకు విడుచును. క్రమము చక్కనిదే. కాని ఒక్క తీగ తెగినచో వలయమంతయు మూగవోవును. అప్పుడు లోపమునకు దిగువనున్న యంత్రము తన ఎగువ పొరుగు పేరు చాటుచు హెచ్చరిక పంపును. తీగలన్నియు కలియు హబ్బులో అమర్చిన నిర్వహణ కార్డు దానిని గ్రహించి, చెడిన శాఖను తొలగించి, వలయమును మరల కూర్చును. అంతకుముందు గదిగదికి తిరిగి వెదకిన లోపమును ఉద్యోగి ఒక్కచోటనుండియే కనుగొనగలిగెను.

1990లలో చౌకయైన ఈథర్నెట్టు, స్విచ్చులు టోకెన్ రింగును వెనుకకు నెట్టినవి. అయినను ఆ కాపలా నిలిచినది. నేడు ఉప్పల్, నాచారముల కర్మాగారములలో ఒక తీగ చెడినను తక్కినవారి పని సాగుచున్నదన్న, అందులో ఈ పాత పాఠము కలదు.