మధ్యవర్తిత్వంలో సృజనాత్మక ఆలోచన

మధ్యవర్తిత్వంలో సృజనాత్మక ఆలోచన అనగా వివాదంలో ఉన్న ఇరుపక్షాలు మొదట పట్టుబట్టిన కోర్కెలకు వెలుపల, ఇద్దరి అసలు అవసరాలనూ తీర్చగల పరిష్కారాన్ని వెదికే పద్ధతి. న్యాయమూర్తి ఎవరి వాదం చెల్లుతుందో నిర్ణయిస్తాడు. మధ్యవర్తికి తీర్పు చెప్పే అధికారం ఉండదు. ఇరుపక్షాలు తమంతట తాము ఒప్పుకొన్నదే పరిష్కారమవుతుంది. కనుక ఒప్పుకోదగిన మార్గాలు కనుగొనడానికి వారికి తోడ్పడటమే మధ్యవర్తి చేయవలసిన ముఖ్యమైన పని.

నేపథ్యం

అమెరికాకు చెందిన సామాజిక తత్వవేత్త మేరీ పార్కర్ ఫోలెట్ (1868–1933) 1925లో చేసిన ఒక ప్రసంగంలో, విభేదాలను ఎదుర్కొనడానికి ఆధిపత్యం, రాజీ, సమన్వయం అనే మూడు మార్గాలున్నాయని వివరించింది. ఆధిపత్యంలో ఒకరే గెలుస్తారు. రాజీలో ఇద్దరూ కొంత వదులుకొంటారు. సమన్వయంలో ఇద్దరి కోరికకూ చోటు దొరుకుతుంది.

ఇందుకు ఆమె ఒక గ్రంథాలయంలోని సంఘటనను ఉదాహరణగా చెప్పింది. చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూసి ఉంచాలన్నది. చివరకు ఎవరూ లేని పక్కగదిలోని కిటికీని తెరిచారు. ఒకరికి కావలసినది గాలి, మరొకరికి కావలసినది చలిగాలి నేరుగా తగలకుండా ఉండటం. "చెరి సగం" అని కిటికీని సగం తెరిచి ఉంటే ఇద్దరి అవసరమూ పూర్తిగా తీరేది కాదు.

రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో ప్రచురించిన "గెటింగ్ టు ఎస్" అనే పుస్తకం ఇటువంటి ఆలోచనకు విస్తృత ప్రచారం కల్పించింది. పైకి చెప్పే పట్టును, దాని వెనుక ఉన్న ప్రయోజనాన్ని వేరుచేసి చూడాలన్నది ఈ పుస్తకంలోని ముఖ్య సూత్రం.

ప్రధాన పద్ధతులు

* కారణం అడగడం: "ఏమి కావాలి" అన్న ప్రశ్నతో ఆగక, "ఎందుకు కావాలి" అని ఇరుపక్షాలనూ అడగడం.
* విడి సమావేశాలు: ఎదుటివారి ముందు చెప్పలేని విషయాలను ఒక్కొక్క పక్షం నుండి విడిగా, గోప్యంగా తెలుసుకొనడం.
* సూచనను, నిర్ణయాన్ని వేరుచేయడం: మొదట మార్గాలన్నిటినీ విమర్శ లేకుండా వ్రాసుకొని, మంచిచెడ్డలను తరువాత చర్చించడం.
* ఒకే ముసాయిదా: మధ్యవర్తి తయారుచేసిన ఒకే పత్రాన్ని ఇరుపక్షాల విమర్శలను బట్టి పదేపదే సవరించడం.

ఉదాహరణలు

సింధు జలాలు: దేశ విభజనతో పంజాబు కాలువల వ్యవస్థ రెండు ముక్కలయింది. 1948 ఏప్రిల్ 1న భారతదేశం కొన్ని కాలువలకు నీరు నిలిపివేయడంతో వివాదం ముదిరింది. నదులన్నిటినీ ఉమ్మడిగా అభివృద్ధి చేయాలని 1951లో అమెరికాకు చెందిన డేవిడ్ లిలియెంతాల్ సూచించాడు. ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంలో చర్చలు మొదలైనా ఉమ్మడి నిర్వహణ కుదరలేదు. 1954లో బ్యాంకు ప్రశ్ననే మార్చివేసింది. ప్రతి నది నీటినీ పంచడానికి బదులు నదులనే పంచవచ్చునని ప్రతిపాదించింది. రావి, బియాస్, సట్లెజ్ భారతదేశానికి, సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్తానుకు కేటాయించబడినవి. తూర్పు నదులపై ఆధారపడిన పాకిస్తాను కాలువలకు పశ్చిమ నదుల నుండి నీరు తెచ్చే అనుసంధాన కాలువల కోసం ఒక నిధి ఏర్పడింది. దానికి భారతదేశం 6.206 కోట్ల పౌండ్లు 10 వాయిదాలలో చెల్లించడానికి ఒప్పుకొన్నది. 1960 సెప్టెంబరు 19న కరాచీలో ఒప్పందంపై సంతకాలు జరిగినవి.

సినాయి ద్వీపకల్పం: 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఈ భూభాగాన్ని ఈజిప్టు నుండి ఆక్రమించింది. పటంపై సరిహద్దు రేఖను ఎక్కడ గీసినా ఒక పక్షం కాదన్నది. ఈజిప్టుకు ముఖ్యమైనది సార్వభౌమత్వం, ఇజ్రాయెల్‌కు ముఖ్యమైనది భద్రత. 1978 సెప్టెంబరు 5 నుండి 17 వరకు క్యాంప్ డేవిడ్‌లో జిమ్మీ కార్టర్ మధ్యవర్తిగా అన్వర్ సాదత్, మెనాహెం బెగిన్ చర్చించారు. ఒకే ముసాయిదా పద్ధతిని ఇక్కడ ఉపయోగించారు. సినాయి మొత్తం ఈజిప్టుకు తిరిగి ఇచ్చి, అక్కడ సైన్యాన్ని పరిమితం చేయాలన్న పద్ధతి 1979 మార్చి 26న కుదిరిన శాంతి ఒప్పందంలో చేరింది. 1982 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ ఉపసంహరణ ముగిసింది.

భారతదేశంలో

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 89వ సెక్షన్ 2002 నుండి కోర్టులు వివాదాలను మధ్యవర్తిత్వానికి పంపే వీలు కల్పించింది. 2021 డిసెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమయింది. మధ్యవర్తిత్వంపై ప్రత్యేక చట్టం 2023లో వచ్చింది. చర్చలలోని విషయాల గోప్యతకు ఈ చట్టంలో నిబంధనలు ఉన్నవి. చెప్పిన మాట రేపు కోర్టులో తమకే ఎదురు తిరుగుతుందన్న భయం ఉన్నచోట ఎవరూ కొత్త ప్రతిపాదన చేయరు. కనుక ఈ పద్ధతికి గోప్యతే పునాది.

పరిమితులు

ఇరుపక్షాల బలాబలాలలో ఎక్కువ తేడా ఉన్నప్పుడు, ముఖ్యంగా హింసకు గురైనవారి విషయంలో, కొత్త పరిష్కారం పేరుతో బలహీనులపై ఒత్తిడి వచ్చే ప్రమాదమున్నది. అటువంటిచోట న్యాయస్థానమే తగిన మార్గం కావచ్చును. చర్చలో చోటు లేనివారి సమస్య పరిష్కారం కాదు. పాలస్తీనా ప్రతినిధులు లేకుండా క్యాంప్ డేవిడ్‌లో కుదిరిన స్వయంపాలన భాగం అమలు కాలేదు. ఒప్పందం నిలవడానికి ఇరుపక్షాల సమ్మతి ఎల్లప్పుడూ అవసరం. 1965, 1971 యుద్ధాలలోనూ నిలిచిన సింధు ఒప్పందాన్ని, పహల్గాం ఉగ్రవాద దాడి తరువాత 2025 ఏప్రిల్‌లో భారతదేశం నిలుపుదలలో ఉంచింది.