బొగ్గుసీమలో వాటాల చరిత్ర

రామగుండములోని జ్యోతినగర్‌లో నివసించువారికి పరిశ్రమల పరస్పరాధారమును గూర్చి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. ఒకవంక గోదావరిఖని బాయిలు, ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు. కన్నెత్తి చూచినచో ఎన్టీపీసీ పొగగొట్టములు. ఆవల ఎరువుల కర్మాగారము. రాజీవ్ రహదారి వెంట పెద్దపల్లి వైపు సాగినచో బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ. బొగ్గు ఉన్నందున విద్యుత్కేంద్రము వచ్చినది. బొగ్గును, రైలును, గోదావరి నీటిని చూచుకొని ఎరువుల కర్మాగారము వచ్చినది. సున్నపురాయి చేరువనే దొరకుటచే సిమెంటు నెలకొన్నది. షేర్ల వర్తకమున ఆరితేరినవారు, దేశకాలముల ననుసరించి ఏ రంగము పైకి వచ్చుచున్నదో మొదట గ్రహించి, పిమ్మట అందలి పరిశ్రమను, ఆ పరిశ్రమలో అగ్రగామియైన సంస్థను ఎన్నుకొనవలెనని చెప్పుదురు. ఈ పద్ధతికి మన బొగ్గుసీమలో నూటనలుబది యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో రంగమును సరిగా గుర్తించినవారు అనేకులు. వారిలో గుర్తించియు నష్టపోయినవారును అనేకులు. ఏల నష్టపోయిరో తెలిసికొనుట నేటి మదుపరులకు మిక్కిలి అవసరము.

పరిశ్రమలను వర్గములుగా విభజించి చూచు అలవాటు అమెరికాలో ఛార్లెస్ డౌ అను పత్రికారచయిత వలన వ్యాప్తి చెందినది. 1884లో ఆయన ప్రకటించిన తొలి పట్టికలోని పదునొకండు సంస్థలలో తొమ్మిది రైల్వే కంపెనీలే. పండ్రెండేండ్ల తరువాత పారిశ్రామిక సంస్థలకు వేరొక సూచిని కల్పించినపుడు అందు టెన్నెసీ బొగ్గు, ఇనుము కంపెనీ యొకటి చోటు చేసికొన్నది. సరకును ఉత్పత్తి చేయువాడును, దానిని మోయువాడును కలిసి ముందుకు నడచినపుడే అంగడి యొక్క పోకడను నమ్మవచ్చునని డౌ అనుయాయులు సిద్ధాంతీకరించిరి. విశేష మేమనగా, 1880 దశకముననే, డౌ పేరైనను వినని నైజాం రాజ్యమునందు రైలును బొగ్గును జంటగా రంగప్రవేశము చేయుచుండెను.

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. అప్పటికి ఆ బొగ్గునకు కొనువాడు లేడు. అడవిలోని నల్లరాయిని ఎడ్లబండ్లపై ఎంత దూరము మోయగలరు? 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే ఏర్పడి, ఇనుపదారి ఓరుగల్లు దాటి డోర్నకల్ మీదుగా బెజవాడ వైపు సాగనారంభించిన పిమ్మటనే ఆ రాయికి విలువ వచ్చినది. ఇంజనులకు బొగ్గు కావలెను, బొగ్గునకు ఇంజనులు కావలెను. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ నమోదయ్యెను; 1889లో ఇల్లెందున తవ్వకము మొదలయ్యెను. రంగమును ముందుగా గుర్తించుట యన్న దానికి ఇంతకు మించిన నిదర్శనము దొరకదు.

కాని ఆ కంపెనీ వాటాల కథ వేరు. వాట్సన్, స్ట్యూవర్ట్ అను ఇరువురు ఆంగ్లేయులు నిజాం ప్రభుత్వమునుండి గనుల హక్కును పొంది, పది లక్షల పౌనుల మూలధనముతో సంస్థను నెలకొల్పిరి. వాటాలలో అత్యధిక భాగము, రొక్కము చెల్లింపబడకయే, ఆ హక్కును తెచ్చినందుకు ప్రతిఫలముగా వారి పరమయ్యెను. గనిలో గునపము దిగకమునుపే పది పౌనుల వాటా లండను అంగటిలో అంతకు మించిన ధర పలికినది. నిజాం ప్రభుత్వము సైతము తన భూమిలోని బొగ్గుపై తన హక్కును నిలుపుకొనదలచి, ఆ హెచ్చు ధరకే వాటాలను కొన్నది. అమ్మినవాడు మరెవ్వరో కాదు, ప్రభుత్వము పక్షమున ఈ వ్యవహారమును నడిపిన సర్దార్ దిలేర్ జంగ్ అబ్దుల్ హక్ యనియే తరువాత తేలినది. 1888లో బ్రిటిషు పార్లమెంటు ఒక ప్రత్యేక సంఘమును నియమించి దీనినంతయు విచారింపజేసెను. అబ్దుల్ హక్ పదవిని కోల్పోయెను.

ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలసి యున్నది. బొగ్గు అబద్ధము కాదు. ఇల్లెందు గనులు నిజముగనే బొగ్గు నిచ్చినవి, రైళ్లు నిజముగనే ఆ బొగ్గుతో నడిచినవి, ఆ గనుల వారసురాలైన సింగరేణి సంస్థ నేటికిని జీవించియే యున్నది. రంగమును గూర్చిన అంచనాలో దోషము రవంతయు లేదు. దోషమంతయు వాటాకు చెల్లించిన ధరలోను, ఆ ధరను పెంచినవారు ఎవరో విచారింపకపోవుటలోను కలదు. తెలుగునాట వాటాల చరిత్రలో ఇంతకన్న విలువైన పాఠము నాకు కానరాదు. దీనిని మన పాఠశాలలలో బోధింపకపోవుట నాకు విచారము కలిగించు విషయము.

1920 డిసెంబరు 23న ఆ సంస్థ ఆస్తులను గ్రహించి సింగరేణి కాలరీస్ కంపెనీ హైదరాబాదు చట్టము క్రింద అవతరించెను. బెస్ట్ అండ్ కంపెనీ దాని కార్యదర్శిగను, విక్రయ ప్రతినిధిగను వ్యవహరించినది. పిమ్మట పాతిక సంవత్సరములకు, 1945లో, నిజాం ప్రభుత్వము అధికసంఖ్యాకమైన వాటాలను కొని సంస్థను తన చేతిలోనికి తీసికొన్నది. 1880 దశకమున మోసపోయిన ప్రభుత్వమే ఈ మారు గనులు పండి, లెక్కలు తేటపడి, రైలుమార్గము స్థిరపడిన తరువాత కొన్నది.

ఈ నడిమి కాలములో హైదరాబాదు రాజ్యము పరిశ్రమలలో మదుపు చేసిన విధానము ప్రత్యేకముగా స్మరింపదగినది. 1929లో ఏర్పడిన పారిశ్రామిక ట్రస్టు నిధి ద్వారా ప్రభుత్వము అనేక సంస్థల వాటాలను తీసికొన్నది. వాని క్రమమును చూడుడు. మంజీరానదిపై నిజాంసాగర్ 1931 నాటికి పూర్తియయ్యెను. నీరు వచ్చినందున చెరకు వచ్చినది. చెరకు వచ్చినందున 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. పత్తి పండు సీమకు చేరువనున్న ఓరుగల్లులో 1934లో ఆజంజాహి మిల్లు నెలకొన్నది. ఆదిలాబాదు అడవుల వెదురును, సింగరేణి బొగ్గును నమ్ముకొని సిర్పూరు కాగితపు మిల్లు కాగజ్‌నగర్‌లో పని ఆరంభించినది. మొదట ముడిసరకు, పిదప రవాణా, ఆపై మర, చిట్టచివరకు వాటా. ఆ నిధిని నడిపినవారు అంగటి కేకలను విని కొనలేదు. 1943లో హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి ఆరంభమగునప్పటికి ఆ రాజ్యములో క్రయవిక్రయములకు తగిన స్వదేశీ సంస్థలు ఉండుటకు వీరి దూరదృష్టియు ఒక కారణము. ఆ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపును కోల్పోయినది.

రామగుండము వంతు తరువాత వచ్చెను. కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము 1929 నాటికి పూర్తియైనందున ఈ మారుమూల గ్రామము మద్రాసు, ఢిల్లీలను కలుపు ప్రధానమార్గముపై నిలిచినది. 1969లో బసంత్‌నగర్‌లో బిర్లాల కేసోరాం సిమెంటు ఫ్యాక్టరీ వచ్చినది. ఆ కాలమున సిమెంటు ధరను ప్రభుత్వమే నిర్ణయించుచుండుటచే, గిరాకి ఎంత యున్నను కంపెనీకి మిగులు స్వల్పము. 1982లో పాక్షికముగను, 1989లో సంపూర్ణముగను నియంత్రణ తొలగినంతనే అదే సున్నపురాయి, అదే మర, అదే కూలి, వేరైన లాభము నిచ్చినవి. 1992 నాటి ఉప్పెనలో ఏసీసీ సిమెంటు షేరు ఆకాశమున కెగసి, పిమ్మట కుప్పకూలిన కథ తెలియనివారు లేరు. ఒక రంగము లేచుటకు చట్టములోని ఒక్క వాక్యము చాలునని సిమెంటు చరిత్ర చెప్పుచున్నది.

ఎరువుల కర్మాగారపు గాథ హృదయమును కలచునది. హరితవిప్లవము సాగుచున్న రోజులు. యూరియాకు రైతులు బారులు తీరు రోజులు. ఇంతకన్న నిశ్చితమైన గిరాకి వేరొక సరకునకు లేదు. బొగ్గునే వాయువుగా మార్చి యూరియా చేయవలెనను సంకల్పముతో భారత ఎరువుల సంస్థ ఒరిస్సాలోని తాల్చేరులోను, మన రామగుండములోను ఒకే తీరు కర్మాగారములను కట్టినది. 1980 నవంబరున ఇచ్చట వాణిజ్యోత్పత్తి మొదలయ్యెను. కాని మన బొగ్గులోని బూడిద, తరచు కరెంటు కోత, బొగ్గును వాయువుగా మార్చు యంత్రముల మొరాయింపు కలిసి, కర్మాగారము తన పూర్తి సామర్థ్యమున ఏనాడును నిలకడగా నడువలేదు. 1999లో మూతపడినది. ఆ కాలనీ క్వార్టర్లలో తుమ్మచెట్లు మొలచుటను చూచినవారు మన సీమలో నేటికిని ఉన్నారు. రంగము నిండుయౌవనములో నుండగనే అందలి సంస్థ మరణించుట యన నిదియే. 2015లో నెలకొన్న రామగుండం ఫర్టిలైజర్స్ సంస్థ బొగ్గును విడిచి సహజవాయువును ఆశ్రయించి, 2021లో యూరియా నందించుట ప్రారంభించినది. దాని వార్షిక సామర్థ్యము 12.7 లక్షల టన్నులు. ఊరు అదే, సరకు అదే. విధానము మారినందున ఫలితము మారినది.

ఇక విద్యుత్తు. 1971లోనే ఇచ్చట 62.5 మెగావాట్ల చిన్న కేంద్రము పని ప్రారంభించియుండెను. 1978 నవంబరు 14న ప్రధాని మొరార్జీ దేశాయి ఎన్టీపీసీ కేంద్రమునకు శంకుస్థాపన చేసెను. 1983లో తొలి యూనిట్ వెలిగినది. 2004 నాటికి ఏడు యూనిట్లతో 2,600 మెగావాట్లకు చేరినది. ఈ కేంద్రపు ఉద్యోగులకై వెలసిన నగరమే జ్యోతినగర్. గనినుండి బొగ్గు తెచ్చు రైలును ఇచ్చటివారు ఎమ్జీఆర్ (మెర్రీ గో రౌండ్) అందురు. పెట్టెల వరుస మెల్లగా కదలుచుండగనే అడుగు తలుపులు తెరచుకొని, బొగ్గు జలజల క్రింది తొట్లలోనికి జారును. రైలు ఆగదు, ఖాళీయై వలయాకారముగా మరల గనికి మరలును. కేంద్రము పూర్తిస్థాయిలో నడచునాడు ముప్పదివేల టన్నులకు పైగా బొగ్గు కావలెను. ఏ వారము రైళ్లు తగ్గినవో, ఏ వారము యూనిట్ ఆగినదో పత్రికలకంటె ముందు ఈ కాలనీవాసులకు తెలియును. మదుపరికి కావలసిన మొదటి జ్ఞానము ఇదే.

ఐనను అది చాలదు. 2004లో ఎన్టీపీసీ షేరును 62 రూపాయలకు ప్రజలకు అమ్మిరి. 2007 నాటికి విద్యుత్తే దేశమున అగ్రగామి రంగమని అందరును ఏకకంఠముగా పలికిరి. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ 450 రూపాయలకు అమ్మిన షేరు, తొలిదినముననే ఆ ధరకు దిగువకు జారెను. మన తెలుగువారి లాంకో సంస్థ విద్యుత్కేంద్రముల మీద విద్యుత్కేంద్రములను కట్టబూని, ఋణభారమున మునిగి, 2018లో దివాలా ప్రక్రియలో లిక్విడేషనుకు పోయినది. 2014లో సుప్రీంకోర్టు 214 బొగ్గు బ్లాకుల కేటాయింపులను రద్దు చేయగా, గనిని నమ్మి కట్టిన మరలు గని లేక నిలిచినవి. ఎన్టీపీసీ షేరు సైతము 2020లో నూరు రూపాయలకు లోపల పడియుండెను. దానిని ఎవరును పలుకరింపని రోజులవి. ఆ షేరే 2024లో 400 రూపాయలను దాటెను. 2010లో 245 రూపాయలకు వచ్చిన కోల్ ఇండియా నడచిన దారియు ఇంచుమించు ఇట్టిదే. రంగము గొప్పదని లోకమంతయు చెప్పునాడు ధరలో ఆ గొప్పదనమంతయు చేరియేయుండును. ఇల్లెందులో 1886లో జరిగినదే 2008లోను జరిగినది.

సింగరేణి షేరు మాత్రము నేడు ఏ అంగటిలోను దొరకదు. దాని వాటాలలో 51 పాళ్లు తెలంగాణ ప్రభుత్వమునవి, 49 పాళ్లు కేంద్రప్రభుత్వమునవి. 1990 దశకమున నష్టములలో కూరుకొని, నికర విలువ హరించుకొనిపోయి, రుగ్ణపరిశ్రమలను విచారించు బి.ఐ.ఎఫ్.ఆర్. గడప త్రొక్కిన ఈ సంస్థ కార్మికుల శ్రమవలన మరల నిలద్రొక్కుకొన్నది. ఆ శ్రమకు గుర్తుగా ఏటేట దసరా వేళకు లాభాల వాటాను పంచుచున్నారు. 2023-24 సంవత్సరపు లాభములో విస్తరణకు కేటాయించినది పోగా మిగిలినదానినుండి 33 శాతమును కార్మికులకు ఇచ్చిరి. బాయిలో దిగినవానికి ఆ బాయి లాభము దక్కుట న్యాయము. ఆ డబ్బు సెల్‌ఫోనులో ఎవడో పంపిన చిట్కాను నమ్మి ఒక్క మధ్యాహ్నములో ఆవిరియగుట ఘోరము. కావున లాభాల వాటా నందుకొను సోదరులకు, వారి బిడ్డలకు నా విన్నపము: మీరు కన్నులారా చూచు రంగమునే ఎన్నుకొనుడు, సంతోషము. కాని కొనదలచిన కంపెనీ వార్షిక నివేదికను సంపాదించి, దాని అప్పును, గడచిన అయిదేండ్ల లాభమును, నేటి ధరను ఒక కాగితముపై వ్రాసికొని, ఇంటివారితో కూర్చుండి పరిశీలించిన పిమ్మటనే డబ్బు కదలింపుడు.